ఏ లైన్ పోయింది

ఎవలతోనిరా మల్లేశ్, ఫోన్ల ‘లైన్ల ఉండు’ అంటున్నవ్? కాదు, ఊకెనే అడిగిన, మాట్లాడుకో. అయిందా? గా మాట ఇంటే నాకు మా భూలక్ష్మి వదిన యాదికొస్తది. మా దశరథన్న భార్య. నువ్వు చూడలే, కరోనా కంటే ముందే పాయె. ఆమెకు ఈ లైన్ అనే మాటతోని పెద్ద పంచాది. రేషన్ దుకాణం కాడ నిలవడితే లైనంటరు, కరెంటుకు లైనంటరు, పోరడు పోరి దిక్కు జూస్తే లైనేస్తుండంటరు, వాడే కొలువుల వడితే లైన్ల వడ్డడంటరు. ఎవలేమన్నా ‘ఏ లైనురా?’ అని అడుగుడే. మేం నవ్వుతుంటిమి. ఏడ ఉన్న... ఆ, చెప్తున్న.

తెలంగాణ వచ్చిన మరుసటేడు అనుకుంట. వరి పొట్టకొచ్చింది, నీళ్లు లేవు, ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు పోయింది. లైన్‌మన్ రాకపాయె. ఆడున్న స్విచ్చి తుప్పువట్టి కదలది. సబ్‌స్టేషన్ల చెప్పి ఆడికెళ్లే కరెంటు బంద్ చేపియ్యాలె. పక్క పొలం ఐలేష్ సిగ్నల్ కోసం చెరువు కట్ట మీదికి వోయి ఫోన్ చేస్తుండు. నేను ఫీజు ఏసేటందుకు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కిన, వదిన కిందున్నది. జరసేపటికి ఐలేష్ కట్ట మీదనే ఉండి ఒర్రిండు, ‘అన్నా, లైన్ పోయింది’ అని. ఇగ నేను చెయ్యి లేపిన. వదిన లటుక్కున నా కాలు వట్టింది. ‘కిష్టా, ఏ లైన్ పోయిందో అడుగు’ అన్నది. ‘ఇంకే లైను, కరెంటే. పొలం ఎండుతుంది, ఇడువు వదినా’ అన్న. నాకు కోపమొచ్చింది. ఆమె ఇంకా గట్టిగ వట్టుకున్నది. ‘కరెంటు పోయిందంటివి గదా. నేను వట్టుకుంటే ఏమైతది? ముట్టు’ అన్నది.

ఒక్కన్నే ఉంటే ముడుతుంటి. ఆమె చెయ్యి కాలుకుండంగ నా చెయ్యి ముంగటికి పోలే. తీగె జానెడు దూరముంది. చెమట కండ్లల్లకు కారుతుంది, తుడుసుకుందామన్నా కదలబుద్ధి కాలే. ఇద్దరం గట్లనే ఉన్నం. అప్పుడు ఐలేష్ రొప్పుకుంట ఉరికొచ్చిండు. ‘ఫోన్ లైన్ అన్నా, మాట్లాడుతుంటే పోయింది. వాళ్లింకా బంద్ జెయ్యలే.’

దిగిన. ఒడ్డు మీద కూసున్న. వదిన కొంగుతోని చేతులు తుడుసుకుంటనే ఉన్నది, ఎంతకూ ఆపలే. ‘మీ అన్నకు చెప్పకు, పొలం బీడు వెడతడు’ అన్నది. చెప్పలే. అన్న ఇయ్యాల్టికీ ఎరుగడు.

మొగులైంది చూడు. గా ఎండవోసిన పెసర్లు లోపట వెట్టుపో.