ఆరు గంజాయి మొక్కలు, ఒక టమాటా చెయ్యి

ఆ పలక అలా నా మొహానికి ఆనించకే యనీనా, చదివాను. "మిగతా మూడు ఏవి?" అనే కదా? దవడకి తీగ వేసి బిగించినా నీ నోరు మాత్రం మూతపడలేదు.

ఫోటోలో మూడు మొక్కలే ఉన్నాయి. నిజమే. మిగతావి పట్టలేదు.

సరే, పట్టక కాదు. నేనే పట్టనివ్వలేదు. అలా కనుబొమ్మ ఎగరెయ్యకు, కుట్లు లాగుతాయి.

ముందు ఆ మూడింటినీ చూసి సంతోషించవే. ముప్ఫై రోజులకే మోకాలెత్తు! కణుపు కణుపుకీ తెల్లటి పూత వెంట్రుకలు. పక్కింటి వాషింగ్టన్ తన మాతే ఆకు కషాయం బుర్ర చేత్తో పట్టుకుని, ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని, గోడ మీంచి గంటసేపు చూశాడు. "ఏం మేపుతున్నావు నిల్డా వాటికి, గొడ్డు మాంసమా?" అన్నాడు. "నీ ఉల్లిమళ్ళు ఎండిపోతున్నాయి, పోయి చూసుకో" అన్నాను. పోలేదు. ఇంకో బుర్ర పోసుకుని పీల్చాడు.

ఊఁ. మిగతా మూడు. చెప్తాను, ఉండు.

ఇంటికి ఆరు గంజాయి మొక్కలే అని చట్టం, నీ దగ్గర మిగిలినవీ ఆరే గింజలని నాకు తెలుసు. నాలుగేళ్ళు ఈ మొక్కనీ ఆ మొక్కనీ కలిపి నువ్వు తీసిన రకం. నానమ్మ జడ అని పేరు కూడా పెట్టుకున్నావు. కాఫీ డబ్బాలో ఆఖరి ఆరు గింజలు. ఇవి పోతే మళ్ళీ మొదటి నుంచీ నాలుగేళ్ళు. తెలుసు. తెలియకేం?

ఆదివారం ఆరూ మొలకెత్తాయి. గ్లాసుకొకటి. బుధవారం ఏటిగట్టు రోడ్డు మీద నీ బండికి కుక్క అడ్డొచ్చింది.

నువ్వు ఆసుపత్రిలో. నేను, ఆ గ్లాసులు. ఫ్రిజ్ తలుపు మీద నీ కాగితం. "పద్నాలుగో రోజు మార్చాలి. ఒక్కసారే. వేరు కదపొద్దు. కాడ పాతొద్దు. అమ్మా, ప్లీజ్!!!" మూడు ఆశ్చర్యార్థకాలు. ఎవరే నీకు రాయడం నేర్పింది?

నాకు మండదూ? ఇరవై ఎనిమిదేళ్ళు సాల్తో ఊరి టమాటా పందిళ్ళలో నారు నాటిన దాన్ని. మేస్త్రీ లెక్కపెట్టేలోపు నాలుగు సాళ్ళు ముగించేదాన్ని. నాకు మొక్క మార్చడం నువ్వు చెప్పాలా?

అందుకని పదో రోజునే మూడు మార్చేశాను. నా పద్ధతిలో.

టమాటాకి ఏం చేస్తాం? ముందో చిన్న కుండీ, ఆనక ఇంకాస్త పెద్దది. కాడని మెడదాకా పాతిపెడతాం. వేళ్ళు విడదీసి కొసలు గిల్లుతాం. వారం రోజులు అలుగుతుంది. అలిగి అలిగి, రెండింతలు లేస్తుంది. దానికేం, బోలెడు సమయం.

ఈ గంజాయికి లేదట. ఎవరు చెప్పారని చూస్తావేం? నువ్వే చెప్పావు, వందసార్లు. "అమ్మా, దీనికి పగలెంతో రాత్రెంతో అక్కర్లేదు, దాని గడియారం దాని లోపలే ఉంది. ఎదిగినా ఎదగకపోయినా నాలుగో వారానికి పూతకొస్తుంది. వారం అలిగితే ఆ వారం పోయినట్టే." నేను ఊఁ కొడుతూ బఠానీలు వొలుచుకున్నాను.

అలిగాయి. ఆకులు వేలాడేశాయి. అలిగినంతసేపు అలిగి, జానెడైనా కాకుండానే పూతకొచ్చాయి! సిగ్గులేని పొట్టివి. బొటనవేలంత మొక్కకి బొటనవేలంత పువ్వు. వాటినేం ఫోటో తీయమంటావు?

ఏడవకు. అయ్యో, నవ్వా అది? నవ్వకు మరి, తీగ తెగితే నర్సు మాబెల్ నన్ను గుమ్మం తొక్కనివ్వదు.

ఫోటోలో ఉన్న మూడూ నీ కాగితం ప్రకారమే చేశాను. అక్షరం పొల్లు పోలేదు. పద్నాలుగో రోజు, ఎండ తగ్గాక. రంగు బకెట్లకి అడుగున తూట్లు పొడిచి ముందే మట్టి తడిపాను. ఖాళీ గ్లాసొకటి మట్టిలో కూరి, చుట్టూ అదిమి, పైకి లాగాను. సరిగ్గా గ్లాసంత గుంట. అది మాత్రం నీ కాగితంలో లేదు, నా బుర్రే. ఆనక మొక్క గ్లాసు బోర్లించి, రెండు వేళ్ళ మధ్య కాడ ఆనించి, అడుగున ఒక్క తట్టు. మట్టి చెదరకుండా వేళ్ళతో సహా ముద్ద అలాగే జారింది. గుంటలో కూర్చోబెట్టాను. పాత మట్టి, కొత్త మట్టి ఒకే మట్టం. చుట్టూ వలయంగా కాసిని నీళ్ళు. రెండ్రోజులు నీడ.

అంతే. వాటికి ఇల్లు మారిందనే తెలియలేదు. మర్నాటికే కొత్త ఆకు.

ఇక ఇది విను. ఆ మోకాలెత్తు మూడూ ఆడవే. మూడూ! మగది లేకపోతే గింజెలా వస్తుంది? నీ నాలుగేళ్ళూ పోయినట్టేగా? వాషింగ్టన్ ఏమో, "ఆ మరుగుజ్జులు ఎందుకు, పారెయ్, కుండీలైనా మిగుల్తాయి" అంటాడు. పారేద్దామని తీశాను కూడా. ఏదో తోచి కళ్ళజోడు పెట్టుకుని చూశాను.

పొట్టివాళ్ళలో ఒకడు మగాడు.

బఠానీ గింజల్లా పుప్పొడి సంచులు వేలాడేసుకుని, దర్జాగా! వాడి ఎత్తెంతో వాడికి తెలియదు పాపం. వాణ్ణి తీసుకెళ్ళి స్నానాల గది కిటికీలో పెట్టాను, నెత్తిన కాగితం సంచి తొడిగి. పుప్పొడి ఎగిరి అన్నిటి మీదా పడితే పువ్వంతా గింజలైపోతుంది, నువ్వు నన్ను చంపుతావు. శనివారం ఇంటికి పంపిస్తామన్నారుగా. నీ కుంచెతో ఆ పుప్పొడి ఏ కొమ్మకి అద్దుకుంటావో నీ ఇష్టం. గింజలొస్తాయే. నానమ్మ జడ ఎక్కడికీ పోదు.

ఏంటి మళ్ళీ రాస్తున్నావు?

"పొట్టివి అంతలా ఎందుకు ఆగిపోయాయి? లోతు పాతితే ఇంతవ్వదు."

మాట్లాడలేకపోయినా ప్రశ్నలకేం తక్కువ లేదు.

పాతినందుకు కాదే. పీకినందుకు.

రోజూ పొద్దున్నే పీకి చూసేదాన్ని. మూడింటినీ. నాలుగు రోజులు. నిన్ను అద్దం తలుపుకి అవతల పెట్టారు కదా. "లోపలికి రాకూడదమ్మా, రేపు రండి." రేపు వెళ్తే మళ్ళీ రేపు. ఊపిరి తీస్తున్నావో లేదో దుప్పటి వల్ల కనపడేది కాదు. ఇంటికి పోయి మొక్క పైకి లాగేదాన్ని. వేరు తెల్లగా ఉందా? ఉంది. ఇది బతికే ఉంది. మళ్ళీ పాతేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్ళలో అలాంటి పని ఒక్క మొక్కకీ చేయలేదు. చేస్తే మేస్త్రీ తన్ని తగలేసేవాడు.

పద్నాలుగో రోజు పొద్దున డాక్టరు చెప్పాడు, గండం గడిచిందని. ఆ సాయంత్రమే నీ కాగితం ఫోటోలోని మూడింటికీ పనికొచ్చింది. చెయ్యి తనంతట తనే నెమ్మదించింది.

ఊఁ. అదీ సంగతి.

ఏంటీ, ఈసారి అంత పెద్దక్షరాలు? "నా దుప్పటి ఎత్తకు!"

కాలివేళ్ళు చూద్దామనుకున్నానంతే. కదుపు ఒకసారి. బొటనవేలు. ఆఁ, ఇంకోసారి.

సరేలే, కప్పేశాను. టమాటా చెయ్యి, ఏం చేస్తాం. రేపు మళ్ళీ ఎత్తి చూస్తాను.