దీమపు చేపలు

శుక్రవారం, మధ్యాహ్నపు నమాజు అయిపోయింది. లేబర్ క్యాంపు వెనక నీలం నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుని, డ్రైవర్ నాగూర్ చెక్క పెట్టెలోంచి చెక్క చేపల్ని ఒక్కొక్కటే పైకి తీసి చూస్తున్నాడు. షట్టరింగ్ కార్పెంటర్ తిరుమల్ ఎదురుగానే ఉన్నాడు కానీ వాటిని ముట్టుకోవడం లేదు.

"అది వద్దు. పెట్టెల పెట్టు."

"ఏది తీసినా పెట్టెల పెట్టు అంటావేంటన్నా? మా ఇంజినీర్ సారు రేపు ఫ్లయిట్ ఎక్కేస్తాడు. మంచివి ఏరుకురా నాగూర్ అని మరీ మరీ చెప్పి పంపించాడు."

"ఏరు. నేన్ వద్దన్ననా?"

"ఇందాకట్నించీ అదేగా అంటున్నావు. ఈ ఎర్రమూతిదానికేమైంది?"

"సక్కగ మునగది. ఒక పక్కకు ఒరుగుతది. కడుపుల సీసం తక్కువ పోసిండు."

"డ్రమ్ములో వేసి చూద్దాం."

"నువ్వే వెయ్యి. దారం ఇడువకు."

"అరె, చక్కగానే మునిగిందన్నా. చూడు, ఎట్టా గుండ్రంగా తిరుగుతుందో. ప్రాణమున్నదాని లాగే."

"రేకు రెక్కలు వంచి ఉంటయ్. ఎటు వంచితె అటు తిరుగుతది. తీయిగ."

"ఒక్క నిమిషం, నీ వైపొచ్చి ఆగింది చూడు..."

"తీయిగ అంటున్న గదా, నాగూర్."

"తీశా. తీశాలే. ఎందుకట్టా అయిపోతావు? సారు చెప్పాడు, నీళ్ళు తేటగా ఉంటే చేప రంగుదే కావాలంట. మబ్బు పట్టిన రోజైతే తెల్లదో, ఎర్రమూతిదో. నాకు వీడియో చూపించాడు. వాళ్ళ దేశంలో చలికాలం చెరువంతా గడ్డ కట్టిపోద్ది. దాని మీద కారు తోలుకుంటా వెళ్ళాడు."

"ఇవి చేసిన గంగన్న గూడ సూసిండు ఆ వీడియో. నీళ్ళ మీద బండి నడిపేటోన్ని గిప్పుడే సూస్తున్న అని నవ్విండు."

"గడ్డలో రంపంతో కంత కోస్తాడు. పైన చీకటి గుడిసె వేసుకుని, లోపల కూర్చుని, ఇదిగో ఈ చెక్క చేపని దారంతో ఆడిస్తాడు. దీన్ని తిందామని పెద్ద చేప వస్తే బల్లెంతో పొడుస్తాడు. పైక్ అంట దాని పేరు."

"మన కొర్రమట్ట లెక్కనే. మూతి జర పొడుగు."

"కొర్రమట్టా?"

"మీ దిక్కు కొర్రమీను అంటరు. గంగన్న తాత కౌజుపిట్టలు పట్టేటోడు. పెంచిన పిట్టను బుట్టల పెట్టి అడివిల ఉంచితె, దాని కూత ఇని అడివి పిట్టలు వస్తయ్. దాన్ని దీమం అంటరు. సారు సంగతి చెప్పంగనె, దీమమే గదా సార్, నేన్ చేసిస్త అన్నడు. సైటుల పారేసిన చెక్క ముక్కలతోని మొదలువెట్టిండు."

"పని తెలిసినోడు. అట్టాంటోడు ఖల్లివెల్లి అయిపోతాడని ఎవరనుకుంటారు? నీకు కూడా చెప్పకుండా పారిపోయాడా అన్నా? ఒకే ఊరోళ్ళు, ఒకే రూమోళ్ళు."

"కంపెనీ అట్ల రాసింది."

"రాయడమేంటి, వెళ్ళాడుగా. ఐన్ ఖాలిద్‌లో ఏదో విల్లాలో పనికి కుదిరాడని మా డ్రైవర్లు అనుకుంటున్నారు."

"ఎవడు సూసిండు?"

"ఎవడో."

"ఎవడో అంటె ఎవడు?"

"నాకేం తెలుసన్నా, ఊరికే అనుకున్న మాట. సరే, అది వదిలెయ్. అతని మంచం మీద ఎవరూ పడుకోవట్లేదంటగా? మీ రూములో ఉండే బుర్హానుద్దీన్ చెప్పాడు. కత్తితో చెక్క గీకుతున్న చప్పుడు వినపడుద్దంట రూములో."

"ఏసీ సప్పుడు."

"ఏసీ చెక్క గీకుద్దా అన్నా?"

"పాత ఏసీ."

"సరే, ఏసీయే. ఈ ఆకుపచ్చది సంచిలో వేస్తున్నా. ఈ ఎర్రమూతిది కూడా. అడుగున బట్టలో చుట్టిందేంటి?"

"అది ఇయ్య."

"అబ్బ. అన్నింటికన్నా ఇదే బాగుందన్నా. వెండిరంగు. పొలుసులు కూడా ఒక్కొక్కటే గీశాడు."

"పరక. మా గోదాట్ల ఉంటది, చిన్న చేప. బట్ట చుట్టు."

"దారం కట్టే ఉందేంటి? ఉప్పు పట్టి గట్టిపడింది. దీన్ని సముద్రంలో వేశారా?"

"వేసినం."

"ఎక్కడ?"

"అల్ వక్రాల. పడవల రేవు దాటినంక రాళ్ళున్నయ్ సూడు, అక్కడ."

"ఎవరెవరు వెళ్ళారు?"

"నేను, ఆయన. సారుకిచ్చేముందు ఒక్కసారి సూడాలె, సముద్రం చేప గూడ చెక్కకు మోసపోతదా అన్నడు. ఇనుప కడ్డీ నూరి బల్లెం చేసుకున్నడు. నేన్ రాయి మీద కూసోని దారం ఆడిస్తున్న. ఆయన నడుములోతు నీళ్ళల్ల నిలవడ్డడు."

"తర్వాత?"

"వచ్చింది. పెద్దది, నల్లగ. ఇద్దరం సూసినం. ఆడియ్యి తిరుమల్, ఆపకు, ఆడియ్యి అన్నడు. ఒక్క అడుగు ముందటికేసిండు. అక్కడ నేల లేదు."

"ఈత రాదా?"

"గోదావరి ఒడ్డున పుట్టినోనికి ఈత రాదంటవా? గోదారి నీళ్ళు ఒక్క దిక్కే పోతయ్. గా నీళ్ళు ఎటు గుంజుతయో ఆయనకేం ఎరుక? నేన్ మొత్తుకున్న. రేవుల పడవలోళ్ళు ఉరికొచ్చిండ్రు. పోలీసులు లాంచి తెచ్చి ఎతికిండ్రు. దొరకలె. దారం నా చేతిల అట్లనే ఉన్నది, నాగూర్. అందరొచ్చినంక గూడ నేన్ దారం పట్టుకోనే ఉన్న."

"మరి ఖల్లివెల్లి అంటారేంటన్నా అందరూ?"

"శవం లేకుంటె సచ్చినట్టు కాయితం రాదంట. డ్యూటీకి రానోని పేరు కాడ కంపెనీ ఏదో ఒకటి రాయాలె గదా. పారిపోయిండని రాసుకున్నరు."

"నువ్వు చెప్పలేదా?"

"క్యాంప్ బాసుకు చెప్పిన. ఆఫీసుల చెప్పిన. బుక్రా సూద్దం, బుక్రా సూద్దం అన్నరు. వాళ్ళ రేపు ఇంకా రాలే."

"ఇంట్లో వాళ్ళకి? ఇంట్లో వాళ్ళకి చెప్పావా?"

"ఆగు. ఫోన్ వస్తున్నది. జర సప్పుడు చేయకు."

"ఎవరు?"

"సప్పుడు చేయకన్న గదా."

తిరుమల్ గొంతు సవరించుకోలేదు, ఇంకా బొంగురు చేసుకున్నాడు. ఫోన్లోంచి ఒక ముసలామె గొంతు నాగూర్‌కి స్పష్టంగా వినపడింది.

"గంగన్నా, బిడ్డా."

"ఆఁ, అవ్వా."

"తిన్నవా?"

"తిన్న."

"ఏం కూర?"

"చేపల పులుసు."

"దుబాయ్ల చేపలు ఏం రుచుంటయ్‌రా. గొంతు ఇంకా తక్కువ గాలేదా? మిరియాల కషాయం తాగుమంటె తాగవు."

"తాగుతున్ననే."

"ఎప్పుడొస్తవ్ మరి? నా కండ్లు పూరాగ పోకముందుకే రా. మొకం తడిమి సూసుకుంట."

"వస్తనే అవ్వా. గీ ఫుట్‌బాల్ ఆటలు అయినంక ఇడిసిపెడతరు. అప్పుడొస్త."

"సాయవ్వకు ఇయ్యాల్నా ఫోను?"

"వద్దు. బస్సొచ్చింది, పోవాలె."

"శుక్రారం గూడ డ్యూటీయేనా. మంచిది బిడ్డా. పైలం."

ఫోన్ పెట్టేశాక నాగూర్ పరకకు మళ్ళీ బట్ట చుట్టాడు.

"అన్నా. ఆమె నిన్ను..."

"చెప్దామనే చేసిన, నాగూర్. మొదటిసారి చెప్దామనే చేసిన. ఆయన పెండ్లాం సాయవ్వ ఎత్తుతదనుకుంటె ఆయన తల్లి ఎత్తింది. నేన్ హలో అన్ననో లేదో, గంగన్నా, బిడ్డా, ఇన్నాళ్ళకు యాదికొచ్చిన్నారా అని ఏడ్సింది. కాదవ్వా, నేన్ తిరుమల్‌ను అననీకె నోరు రాలె. గొంతేందిరా ఇట్లున్నది అంటె, పడిశం అన్న. గంతే. ఆ పడిశం ఇంకా తగ్గలె."

"ఆయన భార్య నమ్ముతుందా?"

"ఆమెతోని మాట్లాడ. బస్సొచ్చింది అని, సిగ్నల్ లేదని పెట్టేస్త. సైటు ఎడారిలకు మారింది, తిరుమల్ ఫోన్ నుంచి చేస్తున్న అని అవ్వతోని చెప్పిన."

"మరి ఇంటికి ఫులూస్, నెల నెలా డబ్బులు?"

"అది అడుగకు."

"నువ్వు పంపుతున్నావా?"

"అడుగకన్న గదా."

"చెప్పెయ్యన్నా. ఎన్నాళ్ళిట్టా? పోయిన మనిషి పేరు పెట్టుకుని మాట్లాడుతుంటే నీకు భయమెయ్యట్లేదా?"

"ఏసీ గాదు, నాగూర్. నేన్ గూడ ఇంటున్న ఆ గీకుడు. శుక్రారం ఫోన్ పెట్టేసి రూముల పండుకుంటె మొదలైతది. దానికి గాదు నా భయం."

"మరి?"

"పోయిన వారం అవ్వను, నల్ల బర్రె ఈనిందా అని అడిగిన. వాళ్ళింట్ల నల్ల బర్రె ఉన్నదని నాకు ఎవ్వలు చెప్పలె. ఆ మాట నా నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో నాకు తెల్వది."

"ఆమె ఏమంది?"

"దూడ పుట్టిందన్నది."

"గంగన్నే ఎప్పుడో చెప్పుంటాడు. నువ్వు మర్చిపోయుంటావు."

"నేన్ గూడ అట్లనే అనుకుంటున్న. అనుకోవాలె గదా. అగో, ఆ తెల్లది గూడ తీస్కపో. అవి సారు చేతికి పోవాలనే చేసిండు ఆయన. పరక ఒక్కటి ఉండనియ్యి. ఇంకో మాట. సారుతోని చెప్పు, గంగన్న పారిపోలేదని చెప్పు. ఆ ఒక్క మనిషికన్న తెల్వాలె."

"చెప్తా. ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళేది నేనే. దారిలో అంతా చెప్తా. అన్నా, ఫోన్. మళ్ళీ అదే నంబరు."

"ఇప్పుడే గదా మాట్లాడింది."

"ఎత్తు. లేకపోతే కంగారుపడుద్ది."

"హలో... అవ్వా, బస్సుల ఉన్న..."

"అవ్వ గాదు. సాయవ్వను."

"ఆఁ. సాయవ్వ. సిగ్నల్ సరిగ..."

"ఇంట్లకెల్లి బయటికొచ్చిన. కోళ్ళ గూడు కాడ నిలవడ్డ. ఇక్కడ ఎవ్వలు లేరు, తిరుమలన్నా. ఇంటున్నవా?"

తిరుమల్ ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకుని నాగూర్ వంక చూశాడు. నాగూర్ తల దించుకున్నాడు.

"ఇంటున్న, చెల్లె."

"ఆయన నన్ను ఎన్నడు పేరు పెట్టి పిలువలె. నువ్వు ఇప్పుడు పిలిచినవ్. గిప్పుడు గాదు, మొదటి దినమే నాకెరుక, అది నీ గొంతని. ఊకున్న. అడిగితె చెప్తవేమోనని ఊకున్న."

"చెల్లె, నేన్..."

"పెత్తరమాస దగ్గరికొచ్చిందన్నా. సచ్చినోళ్ళ పేరు మీద బియ్యం ఇయ్యాలె. ఆయన పేరు మీద ఇయ్యాల్నా, వద్దా? గదొక్కటి చెప్పు. ఇంకేం అడగ."

"ఇయ్యి, చెల్లె."

"..."

"సాయవ్వ. ఉన్నవా?"

"ఉన్న. ఎక్కడ?"

"సముద్రంల. నేన్ పక్కనే ఉన్న. దొరకలె, చెల్లె. శానా ఎతికిండ్రు."

"నీళ్ళల్లనా. మంచిదిగ. ఆయనకు నీళ్ళంటె భయం లేకుండె."

"అవ్వకు మాత్రం చెప్పకు. కండ్లు గూడ కనవడయ్, ముసల్ది తట్టుకోదు."

"ఎవ్వలు, అత్తనా? బియ్యం చెరిగి పక్కకు పెట్టిందే అత్త. మనకెరుకైందని ఆ పిల్లగానితోని అనకే, మల్ల ఫోన్ చెయ్యడు అన్నది."