నడిమి పిల్లర్

ఆదోనిలో కొత్త కాంప్లెక్సు స్లాబు పడి కూలిమనిషి హులిగమ్మ చనిపోయిన మూడో రోజు. ఆర్కిటెక్టు ముదస్సిర్ గదిలోకి ఓనరు వచ్చి గడియ పెట్టాడు.

“నీ స్కెచ్చు కాల్చేసినా. ఇంకోటి గియ్యి. నడిమి పిల్లర్ ఉండగూడదు.”

“నేను గీసినా. షాపుకు అడ్డమని నువ్వే తీయించినావన్నా.”

“అందుకే గియ్యమంటాండా. మిగతా స్కెచ్చులు ఎస్సై దగ్గరుండాయి. ఇదీ నీ చేతి గీతే కావాల. తప్పు నీది కావాల.”

“గియ్యకపోతే?”

“స్టేషనుకు పోతానన్నందుకు నిన్న రాడ్డు దెబ్బ తిన్నావు. ఈ పొద్దు తలకాయ పగుల్తాది. ఐదేండ్లు సదివినావు, గంట పని.”

“పెన్సిలియ్యి.”

ఇచ్చాడు. అది జారి కింద పడింది.

“తీసుకోప్పా.”

“ఎట్ల పట్టుకునేదన్నా? నిన్న నువ్వు ఇరగ్గొట్టింది నేను గీసే చెయ్యే.”