గోరుచుట్టూ, చుట్టమూ

1991 జూన్ పదిహేడవ తేదీన మా ఆసుపత్రి రోగనిర్ధారణ విభాగంలో కనిష్ఠ వైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించి, నేడు అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ పొందుతున్న మా గౌరవనీయ డాక్టరుగారు, చేరిన మొదటి వారంలోనే శస్త్రవైద్యులమైన మా అందరి ప్రాణాలు తోడేశారని సవినయంగా మనవి చేస్తున్నాను.

కోసి తీసిన ఏ చిన్న ముక్కను పంపినా, సూక్ష్మదర్శిని కింద పెట్టి వారు వేసే ప్రశ్న ఒక్కటే: "ఇది ఇంటిదా, చుట్టమా?" అనగా, ఆ కణితి అక్కడే పుట్టినదా, లేక వేరొక అవయవంలోని క్యాన్సరు నుంచి తరలివచ్చినదా అని. అది తేలేదాకా నివేదికపై సంతకం ఉండదు. సహాయ ఆచార్యులుగా, ఆచార్యులుగా, విభాగాధిపతిగా వారి హోదా పెరిగింది గానీ ప్రశ్న మారలేదు, మా విసుగూ తగ్గలేదు. మేము చాటుగా పెట్టుకున్న 'చుట్టాల డాక్టరుగారు' అనే పేరు చెవిన పడినా, నవ్వి ఊరుకున్నారే తప్ప, అది తేలకుండా నివేదిక మాత్రం ఇవ్వలేదు.

ఒక ఉదంతం చెప్పక తప్పదు. మా అక్క భర్త, చిటికెన వేలి కొస వాచి ఎర్రబడితే, గోరుచుట్టని నా దగ్గరకు వచ్చారు. మందులకు లొంగకపోయేసరికి కోసి చూస్తే, చీముకు బదులు మెత్తటి ముద్ద కనిపించింది. పరీక్షకు పంపాను. డాక్టరుగారు ఫోను చేశారు.

"ఇది గోరుచుట్టు కాదండీ, చుట్టం. కణాలు మూత్రపిండానివిలా ఉన్నాయి. మీ బావగారి మూత్రపిండాలు స్కాన్ చేయించండి."

"వేలు నొప్పంటే మూత్రపిండాలేంటండీ! ఆయనకి ఇంకే బాధా లేదు."

"అందుకే చెబుతున్నా. చుట్టం ముందొచ్చేసింది. ఇల్లెక్కడో వెతకండి."

బావ మండిపడ్డారు. "రేపు తలనొప్పంటే కాళ్ళు కోస్తారేంట్రా?" అక్క మాత్రం ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని స్కాన్ గది ముందు కూర్చుంది. అది చూశాక నాకూ భయం వేసింది.

ఎడమ మూత్రపిండంలో నిమ్మకాయంత కణితి. అదృష్టవశాత్తూ ఇంకెక్కడా లేదు. ఆ మూత్రపిండాన్నీ, వేలి కొసనూ తీసేశాం. బావ బతికి బట్టకట్టారు. ఆ మరుసటి వారం నేను పంపిన మామూలు కొవ్వుగడ్డకు కూడా డాక్టరుగారు మళ్ళీ అదే ప్రశ్న వేశారు!

రేపటి నుంచి ఆ ప్రశ్న వేసేవారు ఉండరన్న ఆలోచన నాకు మింగుడుపడడం లేదు. వారు ఆయురారోగ్యాలతో, కుటుంబసభ్యుల నడుమ ప్రశాంతంగా గడపాలనీ, మా ఆసుపత్రికి చుట్టపుచూపుగానైనా తరచు రావాలనీ ఆకాంక్షిస్తున్నాను.

ఇది రాస్తుంటే పక్కన కూర్చున్న బావ అందుకున్నారు: "వేలు పోతే పోయిందిరా, మీ అక్క పక్కన నేనున్నాను. మీ డాక్టరుగారు నూరేళ్ళు చల్లగా ఉండాలని రాయి. విసుక్కోకుండా రాయి."

విసుక్కోకుండానే రాశాను.