నేను రాయని నా కథ

అది నేను రాయలేదు మొర్రో అంటుంటే వినవేంటి పిన్నీ? పొద్దుట్నుంచీ నా మొహం చూడకుండా ఆ మిషను తొక్కుతూనే ఉన్నావు. నేను చెప్పేది నీకా, గోడకా?

పైన నా పేరుంది, నిజమే. మా రైటింగ్ క్లాసులో పద్ధతే అది. ఇద్దరిద్దర్ని జత చేస్తారు. నా కథని పక్కమ్మాయి "నేను" అంటూ రాయాలి, దాని కథ నేను రాయాలి. ఎవరి కథైతే వాళ్ళ పేరు పెట్టి బోర్డు మీద అంటిస్తారు. అది చదివి మా లైబ్రేరియన్ గారు, కొలతలివ్వడానికని వచ్చి నీకు మోసేశారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా.

ఏంటీ? మరి నా జతమ్మాయికి, ఆ సోడాబుడ్డి కళ్ళద్దాల పిల్లకి, ఇవన్నీ ఎలా తెలిశాయంటావా? ఒట్టు పిన్నీ, నేను చెప్పలేదు. కాజాలెలా కుట్టాలో చెప్పాను, నువ్వే నన్ను చదివిస్తున్నావని చెప్పాను. అంతే. రెండు సాయంత్రాలు వచ్చి ఇదిగో ఈ స్టూలు మీద కూర్చుంది. నువ్వే దానికి టీ ఇచ్చావు.

"మా పిన్ని ఊరందరికీ కొలిచి కుడుతుంది, నా ఒంటి మీద మాత్రం ఎవరో తీసుకెళ్ళని బట్టలుంటాయి" అని రాసింది. "పిన్ని కూతురు అలిగితే ఇల్లంతా బతిమాలుతుంది. పదమూడేళ్ళలో నేనొక్కసారీ అలగలేదు" అని కూడా రాసింది. చదవగానే దాని జుట్టు పట్టుకుందామనిపించింది నాకు.

అమ్మ "కొన్నాళ్ళు ఉంచుకో" అని వదిలేసిపోతే, కాదనకుండా పెంచావు. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తానా?

రేపు ఆ బోర్డు మీది కథలన్నీ మా క్లాసు పత్రికలో అచ్చుకెళ్తున్నాయి. అబద్ధమని చెప్పి తీయించు, లేదంటే ఈ గడప తొక్కకు అన్నావు. చెప్పొస్తే మా క్లాసు మేడం మొహం చూడలేను. చెప్పకపోతే నీ మొహం చూడలేను. సరే, చెప్తాలే. ఇంకెక్కడికి పోతాను, నాకు వేరే ఇల్లేడిచిందా?

కానీ ఒక్క మాట విను, తర్వాత ఎంతైనా తిట్టు. బోర్డు మీద పెట్టకముందు మేడం ఆ కాగితం నా చేతికే ఇచ్చారు. "నీ కథ కదమ్మా, నిజం కానిదేదైనా ఉంటే కొట్టెయ్" అని ఎర్ర పెన్ను కూడా ఇచ్చారు.

గంటసేపు కూర్చున్నాను పిన్నీ. నువ్వు చదివితే ఏమవుతుందో కూడా ఆలోచించాను.

ఒక్క లైనూ కొట్టలేదు. కింద సంతకం పెట్టి ఇచ్చేశాను.