అరవై నిండేదాకా

మధ్యాహ్నం కుట్టు దుకాణంలో గిరాకీ లేదు. భర్త బల్ల మీద గుడ్డ పరిచి సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. భార్య చొక్కాకు గుండీలు కుడుతోంది.

“ఉద్యోగస్తులకైతే పింఛను ఖాతాలో యజమాని కూడా తన వంతు వేస్తాడటే.”

“మీ యజమాని మీరేగా. అడిగి చూడండి.”

“వాడు పరమ పిసినారి.”

“ఇంట్లోవాళ్ల దగ్గరే లెండి. ఇంతకీ ఆ రెండు ఖాతాల్లో ఏదో ఒకటి తేల్చారా? మీరు ఆలోచిస్తుండగానే నా కళ్ళద్దాలు రెండుసార్లు మారాయి.”

“ఒకదాంట్లోంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. రెండోదాంట్లో వడ్డీ కాస్త ఎక్కువే, కానీ అరవై నిండేదాకా ముట్టుకోనివ్వరు. మొదటిదే మేలు. రేపు ఏదైనా అవసరం వస్తే?”

“రాకేం? ఏటా వస్తూనే ఉందిగా. పోయినేడు బండి కొనుక్కుంది. అంతకుముందు కోళ్లఫారం పెట్టి మూసేసింది. మీ అవసరానికి మీసాలు కూడా ఉన్నాయి.”

“ఎంతైనా వాడు నా తమ్ముడే.”

“కాదన్నానా? వాడొచ్చి నిలబడితే మీ నోటికి లేదనే మాట రాదు. ఆ మాటేదో ఖాతాయే చెబుతుంది. చూపు పూర్తిగా పోకముందే ఈ సూది పక్కన పెట్టాలని ఉంది నాకు.”

ఆయన గీత గీయడం ఆపాడు.

“సరే, రెండోదే తెరుద్దాం. మరి వాడికి నిజంగానే ఆపద వస్తే?”

“అన్నీ దేవుడు చూసుకుంటాడని నాకు రోజూ చెబుతారుగా. ఈసారి మీ తమ్ముడికి చెప్పండి.”