రెండు ఏటవాలు గీతలు

ఎంతసేపని అలా కళ్లు మూసుకుని పడుకుంటావే అక్కా? నిద్రపోవడం లేదని నాకు తెలుసు, నిద్రలో నీ నొసలు ముడిపడదు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ట్యాబ్ నీ ఒళ్లోనే ఉంది, ఒక్క బటనూ నొక్కవు. అలిగితే అలిగావు గానీ, మరీ ఇంతా?

ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర నేనొక్కదాన్నే. ఇన్నేళ్లూ కత్తిరించింది నువ్వు, కుట్టింది నేను. ఇప్పుడు గుడ్డ పరుచుకుని, కత్తెర పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక నిలబడిపోతున్నాను. కొలత తప్పితే నువ్వు వేసే కేక వీధి చివరికి వినపడేది. ఆ పక్షవాతం ఏదో కుడిచెయ్యితో సరిపెట్టుకోవచ్చుగా, నోరు కూడా కావాల్సొచ్చిందా దానికి?

ఆసుపత్రిలో అక్షరాలు చూపిస్తే అవి కూడా నీకు అల్లిబిల్లిగా కలిసిపోతున్నాయన్నారు. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదన్నారు. అంటే అన్నీ అర్థమవుతూ, ఏదీ చెప్పలేక... ఎలా చూస్తూ కూర్చోనే?

అందుకేగా పక్కింటి కంప్యూటర్ టీచరమ్మని బతిమాలి ఆ పుస్తకం తెచ్చుకున్నాను. బొమ్మ నొక్కితే మాట పలికే పేజీలు ట్యాబ్‌లో మనమే చేసుకోవచ్చట. ఏమీ రానివాళ్ల కోసం రాశారట, సరే, నాకంటే ఏమీ రానిది ఎవరు? ప్రతి పాఠం చివరా ఒక కుందేలు బొమ్మ, 'శభాష్, మీకు వచ్చేసింది!' అంటూ. మూతి తిప్పకు. నీ చేతికింద పనిచేసినన్నాళ్లూ ఒక్క శభాష్ విన్న పాపాన పోయానా నేను?

వచ్చేసింది అంది గానీ, ఎక్కడ వచ్చింది! బ్రాకెట్ తెరిస్తే మూయాలట. ఒక్కటి మర్చిపోతే పేజీకి పేజీ తెల్లమొహం వేస్తుంది. దారం చివర ముడి వెయ్యకపోతే కుట్టంతా ఊడొచ్చినట్టు.

గ్లాసు బొమ్మ నొక్కితే 'నీళ్లు' అనాలి, దుప్పటి నొక్కితే 'చలి' అనాలి. గొంతు నాదే పెట్టాను. నీ గొంతు ఎక్కడా రికార్డు చేసిపెట్టుకోలేదుగా. అంత గట్టి గొంతు పోతుందని ఎవరనుకున్నారు?

మొదటిరోజు ఏం చేశానో గుర్తుందా? ఒక లైను రాసి, దాన్నే కింద కింద అతికించుకుంటూ పోయాను, పలకాల్సిన మాట మార్చడం మర్చిపోయాను. నొప్పి నొక్కినా నీళ్లే, చలి నొక్కినా నీళ్లే. నువ్వు నొక్కుతూనే ఉన్నావు, నేను తాగిస్తూనే ఉన్నాను. నీకు పొలమారి కళ్లు తేలేసేదాకా నాకు తట్టలేదు.

అది సరిచేశాక కూడా ట్యాబ్ విసిరికొట్టావు. ఎందుకో ఎంత ఆలోచించినా వెలగలేదు. తర్వాత తెలిసింది, అడిగే మాటలన్నీ పెట్టాను గానీ కాదనే మాట ఒక్కటీ పెట్టలేదు. కాదనకుండా ఒక్కపూటైనా ఉన్నావా నువ్వు? ఎర్రగా, పెద్దగా 'వద్దు' అని చేసిచ్చాను. ఇక చూడు! మందు వద్దు, కిటికీ వద్దు, తల దువ్వడం వద్దు. నా గొంతుతోనే నన్ను కసురుతుంటే ఏడుపొచ్చింది, దానికి రెండింతలు సంతోషమేసింది. మా అక్క తిరిగొచ్చిందనుకున్నాను.

ఆ తర్వాతేగా మింగడం కూడా పోయింది. ఏం పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతోందని, పొట్టకి గొట్టం వేస్తే తప్ప ఎక్కువకాలం ఉండదని డాక్టరన్నాడు. అది నీకు చెప్పినరోజు ఎన్నిసార్లు నొక్కావే ఆ ఎర్రబటను! వద్దు, వద్దు, వద్దు. నా గొంతు, నా మాట, నా ఎదురుగానే. చెవులు మూసుకుని పెరట్లోకి పోయాను.

ఒక సంగతి చెప్తాను, తిట్టుకుంటావో ఏం చేస్తావో. ఇటు చూడు.

పుస్తకంలో ఒక చిట్కా ఉంది. లైను ముందు రెండు ఏటవాలు గీతలు పెడితే, ఆ లైను అక్కడే ఉంటుంది, యంత్రం మాత్రం దాన్ని చదవదు. బటను కనిపిస్తుంది, నొక్కితే నొక్కుకుంటుంది, మాట మాత్రం రాదు.

పెట్టాను. డాక్టరు రాకముందే నీ 'వద్దు' లైను ముందు పెట్టాను.

గొట్టం వెయ్యమంటారా అని ఆయన నిన్నే అడిగాడు, మర్యాదగా, వంగి మరీ అడిగాడు. నువ్వు నొక్కావు. మళ్లీ నొక్కావు. వేలు తెల్లబడేలా నొక్కావు. తర్వాత నా వంక చూశావు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఏమంటున్నారండీ అని ఆయన నన్నడిగితే, "మౌనం అర్ధాంగీకారం అంటారు కదండీ" అన్నాను. నవ్వాను కూడా అక్కా. ఆ మాట మీదే నీకు గొట్టం వేసేశారు.

నీ వేలిలో బలం పోయిందనుకున్నావు కదూ? నీ వేలు బాగానే ఉంది.

పొద్దున ఆ గీతలు తీసేశాను. ఇప్పుడు పలుకుతుంది. నొక్కు, ఏదో ఒకటి అను. పోనీ, నేనే వద్దని అను.

నొక్కవా?

సరే. నా తప్పు నాకు తెలుసు, అయినా నిజం చెప్తున్నాను, రేపు ఆయనొచ్చి మళ్లీ అడిగితే మళ్లీ ఆ రెండు గీతలూ పెడతాను. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదే. ఉండు, చాలు.